మస్కీకి గాలం: మలాక్స్ సరస్సులో ఏ లూర్, ఎప్పుడు, ఎలా

మస్కీ అనే పెద్ద చేపని పట్టాలన్న సరదా పుట్టిన ప్రతివాడూ ముందు షాపుకే పరిగెడతాడు. నేనూ అంతే. మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ వచ్చిన మూడో ఏడు, ఆఫీసులో ఒకాయన తన ఫోన్‌లో నాలుగడుగుల చేప ఫోటో చూపించాడు. ఆ శనివారమే రెండు వందల డాలర్ల లూర్లు, అంటే చేపని ఊరించే బొమ్మ ఎరలు, కొనేశాను, అన్నీ రంగు చూసి. ఆ వేసవంతా ఒక్కటీ పడలేదు. తెలిసేసరికి ఇంకో ఏడాది పట్టింది: లూర్ ఎంత లోతున నడుస్తోంది, ఎంత జోరుగా నడుస్తోంది, అది వస్తున్నట్టు చేపకి తెలుస్తోందా, ఈ మూడూ కుదిరితే రంగు ఆఖరి సంగతి. ఈ మూడు ప్రశ్నలు వేసుకునేవాడికి అయిదు లూర్లు చాలు, సీజనంతా గడిచిపోతుంది.

మస్కీ పూర్తి పేరు మస్కెలంజ్. ఒజిబ్వే ప్రజల మాట నుంచి వచ్చింది. ఉత్తర అమెరికా మంచినీళ్ళలో ఉండే పెద్ద వేటచేపల్లో ఇదొకటి. మన కొర్రమీను గురించి తెలిసినవాళ్ళకి దీని తీరు సగం అర్థమైనట్టే: మొక్కల చాటున కదలకుండా పొంచి, పక్కగా పోయేదాని మీద ఒక్కసారిగా దూకుతుంది. కాకపోతే కొర్రమీను మూరెడైతే ఇది మనిషి నడుము దాటుతుంది. కొర్రమీనుకి కప్పబొమ్మ లూర్ వేసినట్టే దీనికీ నీటి పైన ఆడే లూర్లు ఉన్నాయి. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌కి 1955 నుంచి ఇదే రాష్ట్ర చేప. అక్కడ 1949లో పట్టిన రెండు చేపల్లో ఏది ప్రపంచ రికార్డన్న తగువు ఇప్పటికీ నడుస్తోంది. చేపల రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంఘం ఐజీఎఫ్ఏ వాళ్ళు 67 పౌండ్ల 8 ఔన్సుల చేపని ఒప్పుకుంటారు, హేవర్డ్ ఊళ్ళోని మంచినీటి చేపల మ్యూజియం వాళ్ళు 69 పౌండ్ల 11 ఔన్సుల దాన్ని.

ఇక్కడ చెప్పేదంతా మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సుని దృష్టిలో పెట్టుకుని. రాసేది మిల్ లాక్స్, ఇక్కడివాళ్ళు పలికేది మలాక్స్. మినియాపొలిస్ నుంచి ఉత్తరంగా సుమారు వంద మైళ్ళు, 1,32,000 ఎకరాలు, ఎక్కడా 45 అడుగుల లోతు దాటదు. ఇందులో మస్కీ పిల్లల్ని రాష్ట్రమే తెచ్చి వదిలింది. చేపలు తక్కువ, ఉన్నవి మాత్రం పెద్దవి. 2022 నవంబరులో ఇక్కడ పడిన 55 పౌండ్ల 14.8 ఔన్సుల చేప రాష్ట్ర రికార్డు. మొదటి మస్కీ కోసం ఇక్కడికి రమ్మని నేను ఎవరికీ సలహా ఇవ్వను, ఓపిక పరీక్షిస్తుంది. కానీ నేర్చుకున్నది ఇక్కడే కాబట్టి ఇదే చెప్పగలను.

1. ముందు థర్మామీటరు, తరవాత లూర్ల పెట్టె

మిన్నెసోటాలో మస్కీ సీజను జూన్ మొదటి శనివారం మొదలై డిసెంబరు 1తో ముగుస్తుంది. ఉంచుకోవాలంటే చేప కనీసం 54 అంగుళాలు ఉండాలి. నిజానికి మస్కీ పట్టేవాళ్ళలో ఉంచుకునేవాళ్ళు చాలా అరుదు. అంత చేప తయారవడానికి పదిహేనేళ్ళ పైనే పట్టొచ్చు. పులుసు మీద మనసుంటే క్రాపీ అనే చిన్న చేపలు పట్టుకోండి, రుచీ బాగుంటుంది, పాపమూ తక్కువ.

నీటి కింద లోతూ చేపలూ చూపే బోటు సోనార్‌లో నీటి ఉష్ణోగ్రత కూడా కనిపిస్తుంది. అందులోని అంకె చూశాకే లూర్ పెట్టె తెరవండి. జూన్ తొలిరోజుల్లో, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కల, చేప గుడ్లు పెట్టి అలసి ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్ళలో ఉంటుంది. చిన్న లూర్, నెమ్మది నడక. 65 నుంచి 78 దాకా దాని ఒంట్లో హుషారు పెరుగుతుంది, మన చేయి కూడా జోరు పెంచాలి. సెప్టెంబరు తరవాత 60కి దిగుతుంటే లూర్ సైజు పెరగాలి, నడక తగ్గాలి. 50 దాటి కిందికి పోతే ఆగి ఆగి లాగే లూర్లే పని చేస్తాయి.

80 డిగ్రీలు తాకితే మాత్రం మస్కీ మాట మర్చిపోండి. వేడి నీళ్ళలో పోరాడిన చేప వదిలాక ఈదుకుంటూ పోయినట్టే కనబడుతుంది, తరవాత లోపల చచ్చిపోవచ్చు. ఆ వారం పిల్లల్ని సన్‌ఫిష్‌కి తీసుకెళ్ళండి.

2. ఎక్కడ విసరాలి

ఇంత నీటిలో గుడ్డిగా విసిరితే జీవితకాలం సరిపోదు. మ్యాపులో మూడు రకాల చోట్లు గుర్తు పెట్టుకోండి.

ఒకటి, మొక్కల అంచు. ఇక్కడి వేటగాళ్ళు క్యాబేజీ అని పిలిచే వెడల్పాకు నీటిమొక్క ఉంటుంది, కూరగాయకీ దీనికీ చుట్టరికం లేదు. పచ్చగా, గట్టిగా నిలబడ్డ క్యాబేజీ మస్కీ ఇల్లు. గోధుమరంగుకి తిరిగి మెత్తబడితే ఇల్లు ఖాళీ. మొక్కల గుంపులో లోపలికి తిరిగిన మూలలూ, బయటికి పొడుచుకొచ్చిన కొనలూ ముందు కొట్టాలి.

రెండు, నీటిలో మునిగిన రాతిగుట్టలు. పైన నాలుగైదు అడుగుల నీరుండి, పక్కనే పదిహేనుకి జారిపోయే చోటు మంచిది. గాలి ఏ వైపు నుంచి కొడుతోందో ఆ వైపే చూడండి. అలలు గుట్టకి తగిలే చోట చిన్నచేపలు దారి తప్పుతాయి, వాటి వెనకే ఇదీ ఉంటుంది. ఎండకి గాలి లేని వైపు కూర్చోవాలనిపిస్తుంది, అక్కడ మనం తప్ప ఎవరూ ఉండరు.

మూడు, నడి సరస్సు. టలిబీ అనే వెండిరంగు చేపల గుంపులు లోతు నీటిలో మధ్యలో వేలాడుతుంటాయి. పెద్ద మస్కీలు వాటి కింద తిరుగుతాయి. ఇది సోనార్ చదవడం వచ్చినవాళ్ళ ఆట, మొదటి ఏడు దీని జోలికి పోకండి.

2005లో ఈ సరస్సులో జీబ్రా గవ్వలు, అంటే చారలున్న చిన్న ఆల్చిప్పలు, కనబడ్డాయి. అవి నీటిని వడకట్టేయడంతో సరస్సు బాగా తేటపడింది. దాంతో పట్టపగలు చేప లూర్‌ని తీరిగ్గా పరిశీలించి వెళ్ళిపోగలదు. అందుకే తెల్లవారుజామూ, మునిమాపూ, మబ్బు రోజూ ఇక్కడ బంగారం. పగలు వేయక తప్పకపోతే జోరు పెంచండి, చూసి తేల్చుకునే వ్యవధి దానికివ్వద్దు.

3. రాడ్, లైను, లీడర్

ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర అడుగుల గట్టి రాడ్. పొడుగు ఎక్కువ అనిపిస్తుంది, ఎందుకో ఆరో భాగంలో తెలుస్తుంది. పెద్ద బెయిట్‌కాస్టింగ్ రీలు, 80 నుంచి 100 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్, అంటే జడలా అల్లిన, లైను. చేప అంత బరువుంటుందని కాదు, అరపావు కిలో లూర్‌ని రోజంతా విసరాలి, రీలు చిక్కుపడ్డప్పుడు సన్న లైను ఫట్‌మంటుంది.

లైనుకీ లూర్‌కీ మధ్య అడుగు పొడవు లీడర్, అంటే పళ్ళకి తెగని గట్టి ముక్క, తప్పనిసరి. బక్‌టెయిల్, రబ్బరు లూర్లకి 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం, ఆగి ఆగి లాగేవాటికి స్టీలు తీగ. మస్కీ పళ్ళు బ్లేడు లాంటివి. నేను మొదట్లో లీడర్ మీద నాలుగు డాలర్లు మిగిల్చాను. ఆ ఆగస్టులో లీడర్ క్లిప్ తెరుచుకుని చేపా, నోట్లో గుచ్చుకున్న లూరూ రెండూ పోయాయి. లూర్ పోయినందుకు కాదు, ఆ ముళ్ళతో అది ఎన్నాళ్ళు తిరిగిందోనని ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కొత్త లూర్ గాలాలు డబ్బాలోంచి తీసినప్పుడు కనిపించినంత పదునుగా ఉండవు. కొన గోటిమీద పెడితే జారకుండా పట్టాలి. జారితే ఆకురాయితో రెండు సార్లు రుద్దండి.

4. అయిదు లూర్లు

బక్‌టెయిల్. ఒకప్పుడు లేడి తోక వెంట్రుకలతో కట్టేవారు, పేరు అలా వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా జలతారు పోగులు. ముందు రెండు పెద్ద రేకులు గిరగిర తిరుగుతూ నీటిని కొడతాయి, ఆ అదురు చేప ఒంటి పక్క గీతకి తెలుస్తుంది. ఒకే లూర్ కొనాలంటే ఇదే కొనండి. విసిరి, నీటిని తాకగానే తిప్పడం మొదలుపెట్టాలి, మొదటి రెండు చుట్లు గట్టిగా తిప్పితేనే రేకులు లేస్తాయి. మొక్కల తలల మీద అడుగు లోతున నడిచేలా రాడ్ కొన ఎత్తండి, లోతు కావాలంటే దించండి. వేసవిలో పదో నంబరు పెద్ద రేకులు రెండున్నవి చేయి నొప్పెట్టేంత జోరుగా, జూన్‌లో ఎనిమిదో నంబరు చిన్నవి నెమ్మదిగా.

నీటి పైన ఆడేది. తోక చక్రం గలగలమంటూ తిరిగే లూర్ కొత్తవాళ్ళకి మంచిది, తిన్నగా, ఒకే జోరుతో తిప్పుకుంటూ వస్తే చాలు. నీళ్ళు 68 దాటాక, సాయంత్రం గాలి పడిపోయాక. ఇందులో కష్టం విసరడం కాదు, ఆగడం. చేప పేలినట్టు లేవగానే మన చేయి దానంతటదే లాగేస్తుంది, లూర్ గాల్లోకి ఎగిరి మన మొహం మీదికొస్తుంది. శబ్దానికి లాగకండి, బరువు తగిలాక లాగండి. చెప్పడం తేలికే, నేను ఇప్పటికీ మూడింట ఒకటి పాడు చేస్తాను.

రబ్బరు లూర్. బుల్ డాగ్ అనే రకం ఇక్కడ ఇంటింటి పేరు. పెద్ద తల, వంకర తోక. విసిరాక సెకనుకి సుమారు అడుగు చొప్పున మునగనిచ్చి, రాడ్‌తో ఒక లాగు, లైను బిగువు వదలకుండా ఒక విరామం, మళ్ళీ లాగు. దెబ్బ ఎక్కువగా జారేటప్పుడే పడుతుంది, లైను పక్కకి ఒరిగితే చాలు కొట్టేయాలి. రాతిగుట్ట జారే అంచుకీ, శరదృతువుకీ ఇదే నా మొదటి ఎంపిక.

క్రాంక్‌బెయిట్. మూతి దగ్గర నాలుకలాంటి పలక ఉండి, తిప్పితే కిందికి దూకుతుంది. ఎనిమిదడుగులు దూకేదాన్ని ఆరడుగుల రాళ్ళ మీద నడిపిస్తే రాయికి తగిలి ఠక్కున తుళ్ళుతుంది. ఆ తుళ్ళింత తరవాత అరక్షణం ఆపండి. బోటు వెనక వదిలి లాక్కెళ్ళడానికి, అంటే ట్రోలింగుకీ ఇదే: వేసవిలో గంటకు నాలుగు మైళ్ళ పైన, చలిలో మూడుకు లోపు. మిన్నెసోటాలో మంచు కట్టని నీటిలో మనిషికి ఒక్క లైనే.

జెర్క్‌బెయిట్. విస్కాన్సిన్‌లో పుట్టిన స్విక్ అనే చెక్కలూర్ తరాలుగా ఉంది. లాగితే మునుగుతుంది, వదిలితే నెమ్మదిగా తేలుతుంది. తోకన ఉన్న లోహపు రేకుని వంచితే మునిగే లోతు మారుతుంది. అక్టోబరు తరవాత చల్లటి నీటిలో, లాగాక మూడు దాకా లెక్కపెట్టండి. తేలుతున్నప్పుడు అది చావబోతున్న చేపలా ఉంటుంది.

రంగు? రెండు చాలు. మునిమాపు నల్లది, కింది నుంచి ఆకాశం వైపు చూసే చేపకి నీడ స్పష్టంగా కనబడుతుంది. పగలు తేట నీటిలో వెండి, లేదా పెర్చ్ చేప చారల రంగు. మిగతావన్నీ షాపువాళ్ళు మనిషిని పట్టడానికి వేసిన ఎరలు.

5. విసిరే క్రమం

బోటుని మొక్కల అంచుకి సమాంతరంగా, ఒక విసురు దూరంలో నడపండి. ఇద్దరుంటే ముందున్నవాళ్ళు బక్‌టెయిల్, వెనకున్నవాళ్ళు రబ్బరు: పైన ఒకరు, కింద ఒకరు. అరగంటలో ఏమీ కదలకపోతే రంగు మార్చకండి, లోతో జోరో మార్చండి. తిప్పేటప్పుడు మధ్యలో ఒకసారి రెండు చుట్లు గబగబా తిప్పి మళ్ళీ మామూలుకి రండి. వెనక చప్పుడు లేకుండా వస్తున్న చేపకి ఎర పారిపోతోందన్న కంగారు పుడుతుంది.

దీన్ని పదివేల విసుర్ల చేప అంటారు. రోజుకి నాలుగైదు వందల విసుర్లు వేయగలం, అంటే లెక్క ప్రకారం ఇరవై, ఇరవై అయిదు రోజులకి ఒకటి. అంత ఘోరం కాదు, కానీ మొదటి నెల ఖాళీగా పోతే టెన్షన్ పడనక్కర్లేదు.

6. బోటు పక్కన ఎనిమిది

ఒక్క భాగమే చదవాలనుకుంటే ఇది చదవండి. మస్కీ చాలాసార్లు లూర్ వెంట బోటు దాకా వచ్చి, అక్కడ ఆగి చూస్తుంది. లూర్‌ని నీటిలోంచి ఎత్తేస్తే కథ ముగిసింది. అందుకే ప్రతి విసురు చివరా రాడ్ కొనతో నీటిలో ఇంగ్లీషు 8 అంకె గీయాలి. మన ౮ గీస్తే కుదరదు.

లీడర్ రాడ్ కొన నుంచి అడుగు దూరంలోకి రాగానే తిప్పడం ఆపండి, ఇంకా తిప్పితే లీడర్ ముడి రాడ్ కొన రింగుకి తట్టుకుంటుంది. లూర్ ఆగకూడదు. రీలు ఆగిన క్షణంలోనే రాడ్ కదలిక అందుకోవాలి. మోకాళ్ళు వంచి, రాడ్ కొనని రెండు మూడడుగులు నీటిలోకి దించండి. మొదటి మలుపు వెడల్పుగా తిప్పండి. అయిదడుగుల చేప బస్సులా తిరుగుతుంది, ఆటోలా కాదు. చిన్న వలయం గీస్తే అది తిరగలేక వెళ్ళిపోతుంది. మలుపు దాటాక తిన్నని భాగంలో జోరు పెంచి, మలుపులో లూర్ కాస్త పైకి లేచేలా చేయండి. ఎక్కువ దెబ్బలు మలుపు దాటిన వెంటనే పడతాయి. పొడుగు రాడ్ కావాలన్నది ఇందుకే: వలయం పెద్దది కావాలి.

చేప కనబడకపోయినా గీయండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలున్నా లూర్‌కి మూడడుగుల కింద ఉన్నది కనబడకపోవచ్చు. కనబడితే ఆరేడు సార్లు తిప్పండి. నా మొదటి చేప కనబడ్డప్పుడు నేను చేసింది ఏమిటంటే, నోరు తెరిచి నిలబడిపోవడం. లూర్ ఆగింది, చేప నన్ను చూసింది, కిందికి దిగిపోయింది. దాని కన్ను ఇప్పటికీ గుర్తుంది.

7. వెంటపడి వదిలేసిన చేప

అది ఎక్కడికీ పోలేదు. జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని వేరే చోటికి వెళ్ళండి, సూర్యాస్తమయానికో, గాలి మారినప్పుడో, ఉరుముల మబ్బు దూరంగా పడుతున్నప్పుడో తిరిగి రండి. ఈసారి వేరే లూర్: బక్‌టెయిల్ వెంట వచ్చిందానికి రబ్బరు, రబ్బరుని చూసిందానికి నీటిపైది. ఉరుము దగ్గరైతే మాత్రం ఒడ్డుకి. తొమ్మిదడుగుల రాడ్ పట్టుకుని నడి సరస్సులో నిలబడ్డవాడికి పిడుగు వెతుక్కోనక్కర్లేదు.

చంద్రోదయం, చంద్రాస్తమయం వేళలకి చేప కదులుతుందని మస్కీ వాళ్ళందరూ నమ్ముతారు. మన పంచాంగం చూసేవాళ్ళకి ఇది విడ్డూరం కాదు. మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ అనే సంఘం సభ్యులు దశాబ్దాలుగా నమోదు చేసిన పట్టివేతల్ని పట్టుకుని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. చంద్రుడి ప్రభావం ఉందని తేలింది, కానీ అయిదు శాతం దగ్గర. నేను చంద్రోదయం వేళకి మంచి చోట ఉండేలా చూసుకుంటాను, దానికోసం సెలవు పెట్టను.

8. పడింది, ఇప్పుడు?

గట్టిగా, పక్కకి లాగండి. రాడ్‌ని నెత్తిమీదికి ఎత్తకండి, బోటు దగ్గర చేపని పైకి లేపితే గెంతి ముల్లు విదిల్చుకుంటుంది. లైను బిగువు ఒక్క క్షణం కూడా సడలకూడదు. ఎంత త్వరగా వలలోకి తెస్తే చేపకి అంత మంచిది. ముద్దుగా ఆడించడం వీరత్వం కాదు.

వల పెద్దది, రబ్బరు పూత ఉన్నది కావాలి, ముందే విప్పి పెట్టుకోవాలి. చేప తల ముందు లోపలికి రావాలి, తోక వైపు నుంచి ఎప్పుడూ ప్రయత్నించకండి. వలలోకి వచ్చాక చేపని నీటిలోనే ఉంచి, వలే దాని తొట్టి అనుకోండి. పొడుగు ముక్కు పట్టకారుతో గాలం తీయండి. రెండో ప్రయత్నానికి రాకపోతే చిన్న బోల్ట్ కట్టర్‌తో మూడు ముళ్ళ గాలంలో గుచ్చుకున్న ముల్లునే కత్తిరించేయండి. గాలం ఖరీదు ఒక డాలరు. వేళ్ళు మాత్రం ముందు చూసుకోండి: చేప విదిలిస్తే మిగిలిన రెండు ముళ్ళు మీ చేతిలో ఉంటాయి.

ఇది నిజంగా మస్కీనా, నార్తర్న్ పైక్ అనే దాని బంధువా అన్నది ఇక్కడే చూసుకోండి. పైక్‌కి ముదురు ఒంటిమీద లేత మచ్చలు, మస్కీకి లేత ఒంటిమీద ముదురు చారలు. దవడ కింద ఒక్కో వైపు ఆరు లేక అంతకన్నా ఎక్కువ చిన్న రంధ్రాలుంటే మస్కీ.

ఫోటో కావాలంటే కెమెరా సిద్ధమయ్యాకే పైకెత్తండి. ఒక చేయి మొప్ప మూత కింద, ఎర్రటి మొప్పలకి తగలకుండా, ఇంకో చేయి పొట్ట కింద, అడ్డంగా. దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే దాని బరువుకి లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఎత్తేటప్పుడు మీరూ ఊపిరి బిగపట్టండి, మీకు ఆడకపోతే దానికీ ఆడదు. ఒక ఫోటో, తిరిగి నీటిలోకి.

తోక మొదలు దగ్గర వదులుగా పట్టుకుని నిటారుగా నిలబెట్టండి. ముందుకీ వెనక్కీ ఊపకండి, అలా ఊపితే మొప్పల్లో నీరు తప్పు దారిన పోతుంది. పది సెకన్లు పట్టొచ్చు, అయిదు నిమిషాలు పట్టొచ్చు. పోవాలనిపించినప్పుడు అదే పోతుంది, వెళ్తూ వెళ్తూ మీ మొహాన నీళ్ళు కొట్టి.

చేతులు వణుకుతుంటాయి, కాసేపు కూర్చోండి. తరవాత లీడర్‌ని వేళ్ళతో పొడుగునా తడమండి, ఎక్కడ గరుకు తగిలితే అక్కడ పళ్ళు గీసినట్టు, కొత్తది కట్టండి. గాలం కొనలు గోటిమీద పెట్టి చూడండి. ఒడ్డుకి చేరాక బోటు అడుగున ఉన్న నీటి బిరడా తీసి, అంటుకున్న మొక్కలన్నీ లాగేసి బయల్దేరండి. జీబ్రా గవ్వల్ని ఇంకో సరస్సుకి మోసుకెళ్ళకుండా ఉండాలని రాష్ట్రం పెట్టిన రూలు అది, రోడ్డు మీద ఆపి చూస్తారు కూడా.